బెంగళూరులో ఉండి కేరళ లాటరీ కొనాలంటే: టికెట్టు చదవడం దగ్గర్నుంచి పన్ను కట్టేదాకా

ముందు ఒక విషయం తేల్చుకోండి. బెంగళూరులో ఎక్కడా లాటరీ టికెట్టు చట్టబద్ధంగా దొరకదు. కర్ణాటక 2007 ఏప్రిల్ 1 నుంచి అన్ని లాటరీలనూ నిషేధించింది. తన సొంత లాటరీ మూసేసింది, బయటి రాష్ట్రాల టికెట్ల అమ్మకమూ ఆపేసింది. తమిళనాడు అంతకుముందే, 2003 జనవరిలో ఆపింది. ఆంధ్ర, తెలంగాణల్లోనూ అమ్మకం లేదు. కాబట్టి మెజెస్టిక్ దగ్గర జేబులోంచి టికెట్టు తీసి చూపించినవాడైనా, మారతహళ్లి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో "కేరళ బంపర్ ఉంది, ఫోన్‌పే చేయండి" అని పెట్టినవాడైనా చేస్తున్నది చట్టవిరుద్ధమైన అమ్మకమే. దక్షిణాదిలో మనకు దగ్గరగా, ప్రభుత్వమే నడిపే లాటరీ కేరళది. దాన్ని కేరళలో అడుగుపెట్టి, కాగితం టికెట్టుగా కొనాలి. వేరే దారి లేదు.

ఒక రాష్ట్రంలో ఉండి పక్క రాష్ట్రంలో లేకపోవడానికి కారణం 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం. రాష్ట్ర ప్రభుత్వం లాటరీ నడపాలంటే పాటించాల్సిన షరతులు అందులో ఉన్నాయి. టికెట్టు ప్రభుత్వమే అచ్చు వేయించాలి, దానిమీద రాష్ట్ర ముద్ర ఉండాలి. డ్రా ప్రభుత్వమే, ఆ రాష్ట్రంలోనే తీయాలి. ఒక లాటరీకి వారానికి ఒక్క డ్రానే. ఏడాదికి బంపర్లు, అంటే పెద్ద బహుమతులుండే ప్రత్యేక డ్రాలు, ఆరుకు మించకూడదు. ఒక్క అంకె మీద బహుమతి ఇవ్వకూడదు. పక్క రాష్ట్రాల టికెట్లను తన గడ్డమీద ఆపే హక్కు కూడా ప్రతి రాష్ట్రానికీ ఇచ్చింది. అయితే తన లాటరీ నడుపుకుంటూ ఇతరులది ఆపడం కుదరదని, తానూ పూర్తిగా మానేస్తేనే ఆపవచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమే అని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఇంకో మాట, చట్టానికి విరుద్ధంగా నడిచే లాటరీ టికెట్టు అమ్మినవాడికే కాదు, కొన్నవాడికీ రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.

ఏయే ఆటలు ఉన్నాయి

కేరళలో రెండు రకాలు. రోజుకొకటి చొప్పున వారపు లాటరీలు ఏడు: సోమవారం భాగ్యతార, మంగళవారం స్త్రీశక్తి, బుధవారం ధనలక్ష్మి, గురువారం కారుణ్య ప్లస్, శుక్రవారం సువర్ణ కేరళం, శనివారం కారుణ్య, ఆదివారం సమృద్ధి. టికెట్టు 50 రూపాయలు, మొదటి బహుమతి కోటి. డ్రా మధ్యాహ్నం 3 గంటలకు తిరువనంతపురంలోని గోర్కీ భవన్‌లో తీస్తారు.

రెండోది బంపర్లు. పెద్దది ఓణం నాటి తిరువోణం బంపర్, టికెట్టు 500, మొదటి బహుమతి 25 కోట్లు, రెండో బహుమతి ఇరవై మందికి తలా కోటి. క్రిస్మస్-న్యూ ఇయర్ బంపర్ 400 రూపాయలు, 20 కోట్లు. విషు, పూజా, మాన్‌సూన్, సమ్మర్ బంపర్లు 250-300 రూపాయల మధ్య, 10-12 కోట్ల బహుమతితో వస్తుంటాయి. మాల వేసుకుని శబరిమల వెళ్లే మనవాళ్లకు దారిలో కనిపించేది ఎక్కువగా క్రిస్మస్ బంపరే. డ్రా తేదీలు మారుతుంటాయి. 2025 తిరువోణం బంపర్ సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 4కి జరిగింది. కాబట్టి టికెట్టు మీది తేదీని నమ్ముకుని ఊరుకోకుండా కేరళ లాటరీ శాఖ ప్రకటన చూసుకోండి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో పవర్‌బాల్, మెగా మిలియన్స్ మాట వస్తూనే ఉంటుంది. అవి వేరే జాతి ఆటలు. పవర్‌బాల్‌లో 69 అంకెల్లో ఐదు, విడిగా 26లో ఒకటి మనమే ఎంచుకోవాలి. ఎవరికీ తగలకపోతే డబ్బు తర్వాతి డ్రాకి పోగవుతుంది. జాక్‌పాట్ తగిలే అవకాశం 29,22,01,338లో ఒకటి. అక్కడే పిక్-3 అనే రోజువారీ ఆట ఉంది, మూడంకెలు వరుసగా తగిలితే చాలా రాష్ట్రాల్లో డాలరుకు 500 డాలర్లు ఇస్తారు. వెయ్యిలో ఒక్క అవకాశానికి ఐదు వందలు, అంటే పెట్టిన డబ్బులో సగం ఆటలోనే పోతుంది. అక్కడున్న మీ అబ్బాయి అక్కడే కొనుక్కుంటే అది వాళ్ల చట్టం. "మీ తరఫున అమెరికాలో టికెట్టు కొంటాం" అనే యాప్‌కి ఇక్కణ్నుంచి డబ్బు పంపకండి. లాటరీ టికెట్ల కోసం విదేశాలకు డబ్బు పంపడం మన విదేశీ మారక నిబంధనల్లో సూటిగా నిషేధించిన పని.

కొనేటప్పుడు

బెంగళూరు నుంచి వయనాడు దారి అందరికీ తెలిసిందే: మైసూరు, గుండ్లుపేట, బందీపూర్ అడవి, ముత్తంగ, సుల్తాన్ బత్తేరి. ముత్తంగ వచ్చిందంటే కేరళే, బత్తేరి బజారులో లాటరీ దుకాణాలు వరుసగా ఉంటాయి. 2024 తిరువోణం బంపర్ 25 కోట్లు తగిలిన టికెట్టు అమ్ముడైంది ఆ ఊళ్లోనే, గెలిచింది కర్ణాటక మనిషి. బందీపూర్ రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, తిరుగు ప్రయాణం దానికి తగ్గట్టు చూసుకోండి.

దుకాణంలో ఐనా, బస్టాండులో తిరిగి అమ్మేవాళ్ల దగ్గరైనా కొనవచ్చు. డబ్బులిచ్చే ముందు ఇవి చూడండి. టికెట్టు వెనక ఏజెంటు పేరు, ముద్ర ఉండాలి. ముందు వైపు లాటరీ పేరు, డ్రా నంబరు, డ్రా తేదీ, ధర, బార్‌కోడ్ స్పష్టంగా ఉండాలి. ధర కన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా వద్దనండి. ఓణం రోజులు దగ్గరపడ్డాక సరిహద్దు ఊళ్లలో ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు కనిపిస్తారు, వాళ్ల దగ్గర కొన్న టికెట్టు ఎక్కణ్నుంచి వచ్చిందో మీరు తర్వాత చెప్పలేరు. శాఖవారి భాగ్యకేరళం యాప్‌తో టికెట్టును అక్కడికక్కడే స్కాన్ చేసి చూసుకోవచ్చు.

కొన్న వెంటనే టికెట్టు వెనక మీ పేరు, చిరునామా రాసి సంతకం పెట్టండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. సంతకం లేని టికెట్టు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే, పోగొట్టుకుంటే మీదని చెప్పుకోవడానికి ఆధారం మిగలదు. తర్వాత రెండు వైపులా ఫొటో తీసి దాచుకోండి. ఆ ఫొటోను స్టేటస్‌లో పెట్టకండి, గ్రూపులో వేయకండి. టికెట్టును లామినేట్ చేయకండి, బార్‌కోడ్ మీదుగా మడత పెట్టకండి, పిన్ను కొట్టకండి. అంకె చెరిగినా దిద్దినట్టు కనిపించినా బహుమతి ఆగిపోతుంది. ఆ రోజు బస్సు టికెట్టో, పెట్రోలు బిల్లో, హోటల్ రశీదో కూడా పక్కన పెట్టుకోండి. వేరే రాష్ట్రంవాళ్లకు పెద్ద బహుమతి తగిలితే కేరళకు ఎప్పుడు, ఎందుకు వచ్చారు, ఎక్కడ కొన్నారు అని అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

నలుగురు కలిసి కొంటే

ఆఫీసులో పదిమంది తలా యాభై వేసి బంపర్ కొనడం మామూలే. 2023లో కేరళలోని పరప్పనంగాడిలో ఇంటింటి చెత్త సేకరించే హరిత కర్మ సేన మహిళలు పదకొండు మంది కలిసి 250 రూపాయల మాన్‌సూన్ బంపర్ కొన్నారు. తొమ్మిది మంది 25 చొప్పున, ఇద్దరు పన్నెండున్నర చొప్పున వేసుకున్నారు. 10 కోట్లు తగిలింది. వాళ్లు గొడవ లేకుండా పంచుకున్నారు. మీరూ అలాగే పంచుకోవాలంటే డ్రాకి ముందే కాగితం మీద పెట్టండి: టికెట్టు నంబరు, ఎవరు ఎంత వేశారు, ఎవరి చేతిలో ఉంటుంది, అందరి సంతకాలు. డ్రా అయ్యాక రాసిన కాగితానికి అంత బలం ఉండదు. పన్ను ఎవరి పాన్ మీద కోస్తారన్న చిక్కు కూడా అప్పుడే మొదలవుతుంది.

టికెట్టు, ఫలితం చదవడం

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా చూద్దాం.

ప్రతి టికెట్టుకూ రెండక్షరాల సిరీస్, ఆరంకెల నంబరు ఉంటాయి. వారపు లాటరీలో పన్నెండు సిరీస్‌లు. ఒక్కో సిరీస్‌లో నంబర్లు 100000 నుంచి 999999 దాకా, అంటే 9 లక్షలు. మొత్తం 1 కోటి 8 లక్షల టికెట్లు. మొదటి బహుమతి అందులో ఒక్కదానికే. వారానికో టికెట్టు చొప్పున కొంటూ పోతే సగటున ఒకసారి తగలడానికి రెండు లక్షల ఏళ్లకు పైగా పడుతుంది. తిరువోణం బంపర్‌లో పది సిరీస్‌లైతే 90 లక్షల్లో ఒకటి.

మీ టికెట్టు ఎస్‌సి 482615 అనుకోండి. ఫలితంలో మొదటి బహుమతి ఎస్‌జి 482615 అని వచ్చింది. ఆరంకెలూ కలిశాయి, సిరీస్ కలవలేదు. మీకు కోటి రాదు, ఓదార్పు బహుమతి వస్తుంది. మిగతా పదకొండు సిరీస్‌ల్లో అదే నంబరున్న పదకొండు మందికీ ఇచ్చేది అదే, వారపు లాటరీలో కొన్ని వేల రూపాయలు. ఫోన్లో అంకెలు మాత్రం చూసి ఇంటిల్లిపాదికీ చెప్పేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రెండో, మూడో బహుమతికీ సిరీస్‌తో సహా ఎనిమిదీ కలవాలి. చివరి నాలుగే కలిస్తే వాటిలో ఏమీ రాదు.

5 వేలు, 2 వేలు, వెయ్యి, 500, 200, 100 లాంటి కింది బహుమతులు చివరి నాలుగంకెల మీద నడుస్తాయి. సిరీస్‌తో పని లేదు, వరుస మాత్రం అదే ఉండాలి. 5 వేల వరుసలో 2615 ఉంటే మీది తగిలినట్టు, 2651 అయితే లేదు. ఒక నాలుగంకెల సంఖ్య ఒక్కో సిరీస్‌లో 90 టికెట్ల మీద ఉంటుంది, పన్నెండు సిరీస్‌ల్లో 1,080 టికెట్ల మీద. అలాంటి సంఖ్యలు ఇరవై తీశారనుకుంటే 5 వేలు తగిలే అవకాశం ఐదు వందల్లో ఒకటి. మనకు తెలిసినవాళ్లలో "లాటరీ తగిలింది" అనేవాళ్లంతా దాదాపుగా ఈ వరుసల్లోవాళ్లే.

ఇంకో పొరపాటు డ్రా నంబరు చూడకపోవడం. కారుణ్య ప్రతి శనివారం ఉంటుంది. పోయిన వారం టికెట్టును ఈ వారం ఫలితంతో పోల్చి చింపేసినవాళ్లు ఉన్నారు. ముందు డ్రా నంబరు, తేదీ, తర్వాత సిరీస్, తర్వాత అంకెలు, ఈ వరుసలో చూడండి. టీవీలో, యూట్యూబ్‌లో చూసిన నంబరు చివరి మాట కాదు. కేరళ ప్రభుత్వ గెజెట్‌లో వచ్చిందే ప్రమాణం, టికెట్టు వెనక కూడా అదే రాసి ఉంటుంది.

దుకాణంలో "సెట్టు తీసుకోండి సార్" అని చివరి నాలుగంకెలు ఒకటే ఉన్న పన్నెండు టికెట్లు చూపిస్తారు. లెక్క వేసుకోండి. వెయ్యి వరుసలో ఆ నాలుగంకెలు వస్తే పన్నెండు వేలు ఒకేసారి వస్తాయి, రాకపోతే ఆరు వందలూ పోతాయి. కింది బహుమతి తగిలే అవకాశం మాత్రం ఒక్క టికెట్టుకున్నంతే. పన్నెండు వేర్వేరు నంబర్లు కొంటే చిన్న బహుమతి తగిలే అవకాశం పన్నెండింతలకు దగ్గరగా పెరుగుతుంది. కలలో వచ్చిన అంకె, పోయిన వారం రాని అంకె అనేవాటికి డ్రా యంత్రంతో ఏ సంబంధమూ లేదు. నిన్న వచ్చిన నంబరుకు ఇవాళ కూడా అంతే అవకాశం.

50 రూపాయల్లో ఎంత ఎటు

లాటరీ మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం, అంతకుముందు 28. టికెట్టు ధరలోనే పన్ను కలిసి ఉంటుంది కాబట్టి 50 రూపాయల్లో సుమారు 14 రూపాయల 29 పైసలు జీఎస్‌టీ. మిగిలిన 35 రూపాయల 71 పైసల్లోంచే బహుమతులు, ఏజెంట్ల కమిషను, అచ్చు ఖర్చు, ప్రభుత్వ ఆదాయం అన్నీ రావాలి. రోజుకొక్క టికెట్టు కొనే అలవాటైతే ఏడాదికి 18,250 రూపాయలు. ఇంటి బడ్జెట్‌లో సినిమా ఖర్చు పక్కన రాసుకునే డబ్బే ఇందులో పెట్టండి. అప్పు తెచ్చి, చిట్టీ డబ్బు మళ్లించి కొనకండి.

మూడు నంబర్ల ఆట, ఫోన్ లాటరీ

బెంగళూరు, హొసూరు, చెన్నై పేటల్లో "మూడు నంబర్లు" అని ఒక ఆట రహస్యంగా నడుస్తుంది. కేరళ మొదటి బహుమతి చివరి మూడంకెలు ఏమొస్తాయో చెప్పి చీటీ మీద పందెం కాస్తారు. దీనికీ కేరళ ప్రభుత్వానికీ ఏ సంబంధమూ లేదు, కేరళలోనే ఇది నేరం. తగిలే అవకాశం వెయ్యిలో ఒకటి. పందెం రాయించుకునేవాడు ఎన్ని రెట్లు ఇస్తానన్నా చేతిలో చీటీ తప్ప ఏమీ ఉండదు, ఇవ్వకపోతే పోలీసు దగ్గరికి మీరు వెళ్లలేరు. కూలి డబ్బు సాయంత్రానికి ఇందులో ఆవిరైపోతున్న ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. తెలిసినవాళ్లు ఆడుతుంటే కూర్చోబెట్టి ఈ వెయ్యిలో ఒకటి లెక్క చెప్పండి.

ఫోన్‌లో జరిగే మోసం ఇలా నడుస్తుంది. ముందు ఫేస్‌బుక్‌లో ప్రకటన, యాభై రూపాయలు పంపితే టికెట్టు ఫొటో వస్తుంది. మర్నాడు "మీకు 5 లక్షలు తగిలింది" అని కేరళ ముద్రతో ఒక లేఖ. తర్వాత ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్‌టీ, టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) అంటూ ఒక్కొక్కటే అడుగుతారు. ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి: బహుమతి మీద పన్ను బహుమతిలోంచే కోస్తారు, ముందుగా కట్టమని ఎవరూ అడగరు. కేరళ లాటరీకి ఆన్‌లైన్ అమ్మకం లేనే లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకూ నిషేధం వచ్చింది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారేలోపు చేస్తేనే ఆపే వీలుంటుంది.

బహుమతి తగిలితే

గడువు డ్రా తేదీ నుంచి 30 రోజులు. 5 వేల లోపైతే కేరళలో లాటరీ దుకాణంలోనే డబ్బు ఇచ్చేస్తారు, బెంగళూరులో ఎవరూ ఇవ్వలేరు. దానికోసం వంద రూపాయల బహుమతిని పట్టుకుని మళ్లీ బస్సెక్కడం దండగ. 5 వేలు దాటితే లాటరీ శాఖ ఆఫీసులో గానీ, బ్యాంకు ద్వారా గానీ అసలు టికెట్టు అప్పగించాలి. పెద్ద మొత్తాలు తిరువనంతపురంలోని లాటరీ డైరెక్టరేట్ చూస్తుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి: దరఖాస్తు, వెనక సంతకమున్న అసలు టికెట్టు, రెండు వైపులా దాని జిరాక్సు, రెండు పాస్‌పోర్టు ఫొటోలు, రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేసిన రశీదు, పాన్, ఆధార్ లాంటి గుర్తింపు, బ్యాంకు పాస్‌బుక్ నకలు. జిరాక్సు, ఫొటోల మీద గెజిటెడ్ అధికారి లేదా నోటరీ ధ్రువీకరణ కావాలి. సంతకంతో పాటు వాళ్ల పేరు, హోదా, ముద్ర మూడూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి, ఒక్కటి తగ్గినా కాగితాలు వెనక్కి వస్తాయి.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తంటా పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా, బ్యాంకులో చివర. మూడూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి జతపరచండి. టికెట్టు వెనక పాన్‌లో ఉన్నట్టే పేరు రాస్తే సగం గొడవ తప్పుతుంది.

డబ్బు వచ్చేదాకా బంధువులకు, ఆఫీసులో, పేపరువాళ్లకు చెప్పకండి. అసలు టికెట్టు ఎవరి చేతికీ ఇవ్వకండి, "కమిషన్ తీసుకుని నేను మార్చిపెడతా" అనేవాళ్లకు అసలే వద్దు. అప్పగించిన చోట టికెట్టు నంబరుతో రశీదు తీసుకోండి.

పన్ను

పెద్ద బహుమతిలోంచి ముందు ఏజెంటు కమిషను పోతుంది, పదో వంతు అనుకోండి. మిగిలినదాని మీద 30 శాతం టీడీఎస్ కోస్తారు, 10 వేలు దాటిన ప్రతి బహుమతికీ. కోటికి లెక్క ఇది: 10 లక్షలు కమిషను, మిగిలిన 90 లక్షల మీద 27 లక్షల టీడీఎస్, ఖాతాలో పడేది 63 లక్షలు. కానీ పన్ను అక్కడితో అయిపోలేదు. ఆదాయం 50 లక్షలు దాటింది గనుక పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి, మొత్తం మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. టీడీఎస్‌లో ఇవి ఉండవు. ఇంకో 3 లక్షల 88 వేల 800 మీరే కట్టాలి, చేతిలో నికరంగా మిగిలేది 59 లక్షల 11 వేల పైచిలుకు. 25 కోట్ల బంపర్‌లో ఇదే లెక్కన ఖాతాలోకి 15 కోట్ల 75 లక్షలు వస్తాయి, కొత్త పన్ను విధానంలో 25 శాతం సర్‌ఛార్జి, సెస్సు కలిపి ఇంకో 2 కోట్ల 2 లక్షలకు పైగా కట్టాలి. పాత విధానంలో సర్‌ఛార్జి 37 శాతం, 2 కోట్ల 86 లక్షలు దాటుతుంది. డబ్బు పడిన రోజే ఆ మొత్తాన్ని విడిగా డిపాజిట్ చేసి పక్కన పెట్టండి. ఇల్లు కొనేసి, అప్పులు తీర్చేసి, మార్చిలో పన్నుకు మళ్లీ అప్పు చేసినవాళ్ల గతి మీకు వద్దు.

ఈ ఆదాయానికి ఏ మినహాయింపులూ లేవు. జీతమే లేని గృహిణికి తగిలినా మొదటి రూపాయి నుంచే 30 శాతం. ఏడాదంతా కొన్న టికెట్ల ఖర్చు తీసేయడం కుదరదు, పీఎఫ్, బీమా తగ్గింపులు దీనికి వర్తించవు. మిగిలిన పన్నును బహుమతి వచ్చాక మిగిలిన అడ్వాన్స్ టాక్స్ వాయిదాల్లో, ఏదీ మిగలకపోతే మార్చి 31 లోపు కట్టండి, లేకపోతే వడ్డీ పడుతుంది. లాటరీ శాఖ నుంచి టీడీఎస్ సర్టిఫికెట్ తీసుకుని, కోసిన మొత్తం మీ పాన్ మీద చేరిందో లేదో ఆదాయపు పన్ను సైట్‌లో 26ఏఎస్ తెరిచి చూసుకోండి. రిటర్నుకు జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 పనికిరాదు. జీతం, లాటరీ తప్ప వ్యాపార ఆదాయం లేనివాళ్లు ఐటీఆర్-2 వేయాలి.